యురేనియం కొలిచే ఆటోమేటిక్ యంత్రంతో ఐదేళ్లు: బరంపురం ల్యాబు అనుభవం

ఐదేళ్లుగా మా ల్యాబులో ఈ యంత్రాన్ని నేనే నడుపుతున్నాను. సిరంజి పంపు, పలు దారుల వాల్వు, రెజిన్ (లోహాలను పట్టుకునే సన్నని గింజలు) నింపిన చిటికెన వేలంత కాలమ్, అంటే గొట్టం, చివర రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్. నమూనాను 3 మోలార్ (మోలార్ అంటే గాఢత కొలత) నైట్రిక్ ఆమ్లంలో సిద్ధం చేసి పెడితే చాలు. యుటెవా అనే రెజిన్ మీద యురేనియాన్ని నిలబెట్టి, కడిగి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కిందికి దించి, ఆర్సెనాజో-3 అనే రంగు రసాయనం కలిపి 650 నానోమీటర్ల దగ్గర రంగు చదువుతుంది. యురేనియం తగలగానే గులాబీ ద్రావణం గొట్టంలోనే నీలి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ క్షణాన్ని ఇప్పటికీ ఆగి చూస్తాను.

బావి నీళ్లకైతే దీనికి తిరుగులేదు. ఒకప్పుడు ద్రవాలను వేరుచేసే సెపరేటింగ్ ఫన్నెల్ ఊపుతూ రోజంతా చేసిన పని ఇప్పుడు మధ్యాహ్నానికి ముగుస్తుంది. గోపాల్‌పూర్ దగ్గరి మన తెలుగు మత్స్యకారుల వాడ నుంచి ఒకామె సీసాలో నీళ్లు తెచ్చి, "బాబూ, ఇవి పిల్లలకు పట్టవచ్చా?" అని అడిగింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. ఆమె నీళ్లు దానికి చాలా కింద ఉన్నాయి. యురేనియం వరకు భయం లేదని సాయంత్రం బస్సుకు ముందే చెప్పగలిగాను.

అసలు పరీక్ష ఇసుక దగ్గర వచ్చింది. ఛత్రపురం తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అందులో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం, యురేనియం ఆక్సైడ్ అర శాతం కూడా ఉండదు. థోరియం నీళ్లలో అంతగా కరగదు కాబట్టి బావుల దగ్గర దాని బెడద లేదు. ఇసుకను ఆమ్లంలో కరిగిస్తే మాత్రం థోరియం కూడా ద్రావణంలోకి దిగుతుంది. యుటెవా దాన్నీ పట్టుకుంటుంది, ఆర్సెనాజో దానితోనూ రంగు మారుతుంది. మొదటి ఏడాది వచ్చిన అంకెలు చూసి హడలిపోయాను. అవే నమూనాలను ఫ్లోరిమీటర్‌లో (కాంతి పడితే పదార్థం వెలిగే వెలుగును కొలిచే పరికరం) పెడితే అంకె బాగా తగ్గింది, ఎందుకంటే అక్కడ వెలిగేది యురేనియమే. యంత్రంతో పాటు వచ్చిన ప్రోగ్రాములో థోరియాన్ని కడిగే దశ చాలా పొట్టిది. 5 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొంచెం ఆక్సాలిక్ ఆమ్లం కలిపి ఆ దశను పొడిగించాం. యురేనియం లేని థోరియం ద్రావణాన్ని పంపి, సున్నా వచ్చేదాకా పెంచుతూ పోయాం. మోనజైట్‌లోని ఫాస్ఫేట్ రెజిన్ పనికి అడ్డు రావచ్చు. దానికి అల్యూమినియం నైట్రేట్ కలపాలి. ఈ సంగతి మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. ఉండి తీరవలసింది.

మిగతావి చిన్న చిక్కులు. రంగు చదివే చిన్న గదిలో (ఫ్లో సెల్) గాలి బుడగ చిక్కితే అంకె ఎగిరిపడుతుంది, ద్రావణాల్లోంచి ముందే గాలి తీయాలి. కరెంటు పోతే పరీక్ష మధ్యలో ఆగుతుంది, యూపీఎస్ తప్పదు.

నీళ్లు మాత్రమే చూసే ల్యాబులు నిశ్చింతగా కొనవచ్చు. తీరపు ఇసుక చూసేవాళ్లు ఫ్లోరిమీటర్ పక్కన లేకుండా కొనవద్దు. మా దగ్గర ఇసుక నమూనాలు పెట్టే ప్రతి ఉదయం మొదటి గొట్టంలో ఆ థోరియం ద్రావణమే ఉంటుంది. అది సున్నా చూపాకే రెండో గొట్టం పెడతాను.