మూడేళ్లుగా మా తొమ్మిదో తరగతిలో రోజూ సూర్యుడు: ఎస్‌డీవో బొమ్మలతో నా అనుభవం

కోనసీమలో ఏటిగట్టు పక్క ఊళ్లో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నాసా వాళ్ల సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ (అందరూ ఎస్‌డీవో అంటారు) పంపే సూర్యుడి తాజా బొమ్మని 2022 జులై నుంచి తొమ్మిదో తరగతికి చూపిస్తున్నాను. మూడేళ్లు దాటింది కాబట్టి మంచీ చెడూ రెండూ ధైర్యంగా రాయగలను.

2010 ఫిబ్రవరిలో ఎగిరిన ఉపగ్రహం ఇది. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సూర్యుణ్ణే చూస్తూ ఉంటుంది. బొమ్మలకి డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా లేదు. 512 నుంచి 4096 పిక్సెళ్ల దాకా నాలుగు సైజుల్లో ఉంటాయి. మాకు సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి చిన్నదే తెరుస్తాం. సూర్యుడి మీది నల్ల మచ్చలు లెక్కపెట్టడానికి అది చాలు.

మొదటి రెండు రోజులు పిల్లలు ఎగబడి చూశారు. నాలుగో రోజుకి "బాగుంది సార్" అని తలలు దించేసుకున్నారు. ఇంతేనా అనిపించింది.

ఆ జులైలోనే గోదావరి పెద్ద వరద. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక దాటింది, లంకలు మునిగాయి, బడి మూసేశారు. పునరావాస కేంద్రంలో నా క్లాసు కుర్రాడు కనిపించాడు. పరీక్షలో యూనిట్లు రాయడం ఎప్పుడూ మర్చిపోయేవాడు. వాడు బ్యారేజీ దగ్గర పొద్దున్న ఎన్ని అడుగులు, ఇప్పుడెన్ని, ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు, ఆ నీళ్లు మన ఊరికి ఎప్పటికి వస్తాయి అన్నీ టకటకా చెబుతున్నాడు. చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు కూడా. మా వాళ్లకి లైవ్ డేటా కొత్తేమీ కాదు. నేనే దాన్ని బొమ్మలా చూపించి వదిలేశాను.

బడి తెరిచాక పద్ధతి మార్చాను. ఒకే సైజు వృత్తాలు జిరాక్స్ తీయించి రోజుకొకరికి ఒకటి ఇచ్చాను. బొమ్మ మీది టైము (అది గ్రీన్‌విచ్ టైము) చూడాలి, దానికి అయిదున్నర గంటలు కలిపి మన టైము రాయాలి, మచ్చలు ఎక్కడున్నాయో అక్కడ పెన్సిల్‌తో పెట్టాలి. వారం తిరిగేసరికి కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగులో చూసిన అమ్మాయి "మచ్చలు కుడివైపుకి జరుగుతున్నాయండి!" అని అరిచింది. ఈ అంచు నుంచి ఆ అంచుకి సుమారు పదమూడు రోజులు పడుతుందని వాళ్లే తేల్చారు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడని పాఠంలో ఎన్నిసార్లు చెప్పానో, ఆ రోజు దాకా ఎవరికీ పట్టలేదు.

2024 ఫిబ్రవరిలో 3590 నంబరు మచ్చల గుంపు బాగా పెద్దదైంది. అద్దానికి నల్ల కాగితం అంటించి పెసరగింజంత కన్నం ఉంచాం. ఎండలో పెట్టి, పదకొండు మీటర్ల దూరంలో చీకటి గదిలో గోడ మీద సూర్యుణ్ణి వేస్తే అరచేతి వెడల్పు వెలుగులో మసగ్గా ఒక మరక. తెర మీది బొమ్మతో కలవలేదు, అటుదిటు అయింది. అద్దం వల్ల తిరగబడిందని పట్టుకోవడానికి పీరియడ్ అంతా పట్టింది. మూడేళ్లలో నాకు బాగా నచ్చిన పీరియడ్ అదే.

మే నెలలో 3664 నంబరు గుంపు వచ్చినప్పుడు సెలవులు, నేనేమో పోలింగ్ డ్యూటీలో ఉన్నాను. ఆ గుంపులోంచి లేచిన సౌర తుపానుకి లద్దాఖ్‌లోని హన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబడిన రోజులవి. 2022 గ్రహణానికి తెప్పించిన కళ్లద్దాలు పిల్లల దగ్గరే ఉన్నాయి. సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడి కొబ్బరి దింపు తీసేవాళ్లకీ, ఆటో వాళ్లకీ ఆ మచ్చ చూపించారట. "ఏమ్మా, అది మన భూమి కన్నా పెద్దదా?" అని ఒకాయన మూడుసార్లు అడిగి మరీ చూశాడని ఫోన్ చేసి చెప్పారు.

ఇక చిక్కులు. పేజీ అంతా ఇంగ్లీషే. ఆకుపచ్చ, ఎరుపు, బంగారు రంగులు మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతికి తర్వాత వేసినవి. అది ముందే చెప్పకపోతే సూర్యుడు ఆకుపచ్చగా ఉంటాడని పిల్లలు ఇంట్లో చెప్పేస్తారు. 2024 నవంబర్ చివర అమెరికాలో ఆ డేటా ఉంచే భవనంలో పైపు పగిలి కొన్నాళ్లు కొత్త బొమ్మలు సరిగ్గా రాలేదు. "అక్కడ కూడా మునిగిపోద్దా సార్?" అన్నారు మా లంక పిల్లలు, నిజంగా బాధపడి.

కొత్తగా మొదలుపెట్టే మాస్టార్లు సెప్టెంబర్ మొదటి వారం వదలకండి. ఏడాదిలో రెండుసార్లు, మూడేసి వారాల పాటు రోజూ కాసేపు భూమి ఆ ఉపగ్రహానికి అడ్డొస్తుంది. మన టైములో అది సరిగ్గా మధ్యాహ్నం. భోజనం బెల్లుకి ముందు తెర మీద సూర్యుడు మొత్తం నల్లబడిపోతే మావాడొకడు వరండాలోకి పరిగెత్తి తలెత్తి చూసి, "ఉన్నాడండీ, ఇక్కడే ఉన్నాడు!" అని కేకేశాడు. అన్నం మానేసి నల్లబల్ల మీద భూమిని ఎక్కడ పెట్టాలో గీసుకుంటూ కూర్చున్నారు.