ఏ ట్యాబ్ మేలు? పర్లాకిమిడి ఇంట్లో మూడూ వాడి చూశాక

పోయిన వారం బరంపురం నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, మావాడు ఎనిమిదో తరగతికొచ్చాడు, ట్యాబ్ కావాలని ఒకటే గొడవ. మీ అన్నయ్యేమో కొంటే ఐప్యాడే కొందాం, ఏళ్ల తరబడి ఉంటుంది అంటున్నారు. నాకేమో పదిహేను వేలు దాటకూడదని ఉంది. మీ ఇంట్లో మూడు రకాలూ చూశారు కదా, ఏది మేలంటావు?"

ఫోన్లో సగమే చెప్పగలిగాను. ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో మన వైపు చాలా ఇళ్లల్లో ఇదే ప్రశ్న నలుగుతోంది కాబట్టి మిగతాది వివరంగా రాస్తున్నాను.

మూడూ అంటే ఇవి. రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ మాదే, రెండేళ్ల నుంచి వాడుతున్నాం. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ గుణుపురంలో ఉండే మా చెల్లెలిది. వేసవి సెలవుల్లో పిల్లలతో పాటు అది కూడా నెల రోజులు మా ఇంట్లోనే ఉంది. ఐప్యాడ్ మా మరిదిది. ఆయన విశాఖ నుంచి వచ్చిన ప్రతిసారీ మా పిల్లల చేతుల్లోకి పోతుంది. వీటికంటే ముందు ఎనిమిది వేలు పెట్టి, పేరు కూడా సరిగ్గా వినని కంపెనీ ట్యాబ్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాం. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా దాని దగ్గరే.

నా పుట్టిల్లు పాతపట్నం. చదివింది తెలుగు మీడియం. మా అమ్మాయి ఇక్కడ తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో చదువుతోంది, ఒడియా కూడా ఒక సబ్జెక్టు. చిన్నవాడు మూడో తరగతి. అమ్మాయికి సైన్సు చెప్పాల్సి వస్తే నాకు ఇంగ్లీషులో చదివితే అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. అందుకని ఆంధ్రప్రదేశ్ వాళ్ల పాఠ్యపుస్తకం పీడీఎఫ్ దించుకుంటాను. 2020 నుంచి అక్కడి పుస్తకాలు ద్విభాషల్లో వస్తున్నాయి: ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇవి నా దృష్టిలో సరిహద్దు తల్లులకు దొరికిన వరం. ట్యాబ్ అడ్డంగా పెట్టి రెండు పేజీలూ పక్కపక్కన తెరిస్తే, అమ్మాయి ఎడమ వైపు చదువుతుంది, నేను కుడి వైపు చూసి చెబుతాను. బడి పాఠాల కోసం ప్రభుత్వం పెట్టిన దీక్షా యాప్‌లో ఒడియా పాఠాలు కూడా ఉంటాయి, పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం తెరుచుకుంటుంది, దించుకుని నెట్ లేకుండా చూడొచ్చు.

ఈ పనికి సైజు ముఖ్యం. 8.7 అంగుళాల చిన్న ట్యాబులు చవగ్గా వస్తాయి, చేతిలో బాగానే ఒదుగుతాయి. కానీ రెండు పేజీలు పక్కపక్కన పెడితే తెలుగు ఒత్తులు కనపడవు. "క్ష" కిందున్న ఒత్తేదో, "త్ర" కిందున్నదేదో తెలియక ప్రతి లైనుకీ వేళ్లతో పెద్దది చేసుకోవాలి. పది, పదకొండు అంగుళాల మధ్య తీసుకోండి, అంతకు తగ్గొద్దు.

సైజు ఒక్కటే కాదు, ఆకారం కూడా చూడాలి. రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ 11 అంగుళాలు, 1920 బై 1200 పిక్సెళ్లు. ఎస్6 లైట్ 10.4 అంగుళాలు, 2000 బై 1200. రెండూ పొడుగ్గా, సినిమాకి సరిపోయే కొలతలో ఉంటాయి. ఐప్యాడ్ తెర 2360 బై 1640, దాదాపు ఏ4 కాగితం ఆకారం. నిలువుగా పట్టుకుంటే పుస్తకం పేజీ తెరంతా నిండుతుంది, పైనా కిందా ఖాళీ అట్టే మిగలదు. చదవడానికి ఐప్యాడే హాయి, ఇందులో సందేహం లేదు. సినిమా పెడితే మాత్రం దానికే నల్లటి పట్టీలు ఎక్కువ వస్తాయి.

ఇక పెన్ను. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే.

మా రెడ్‌మీకి మూడొందలు పెట్టి మామూలు టచ్ పెన్ను కొన్నాం. దానితో లెక్క చేయబోతే, చెయ్యి తెర మీద ఆనగానే ఇంకో గీత పడేది. అమ్మాయి మణికట్టు పైకెత్తి గాల్లో పెట్టి రాసేది. పది నిమిషాలకే చెయ్యి నొప్పి. రెండు రోజులు చూసి మళ్లీ నోటు పుస్తకం తెచ్చుకుంది. అంటే ట్యాబ్ వీడియో చూడటానికి మిగిలింది. పాఠం చూస్తుంది, తలూపుతుంది, పక్కన పెడుతుంది. చేత్తో చేసిందేమీ లేదు.

చెల్లెలి ఎస్6 లైట్ వచ్చాక తేడా కళ్లారా చూశాను. దాని ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు, చార్జింగ్ అవసరం లేదు, పక్కన అయస్కాంతంలా అతుక్కుంటుంది. చెయ్యి తెర మీద ఆనించి రాసినా పెన్ను గీసిందే పడుతుంది. మా చిన్నవాడు ఒడియా అక్షరాల నెత్తిన ఉండే గొడుగులాంటి వంపు ఎప్పుడూ సగంలో ఆపేసేవాడు. టీచరు రాసిన పేజీని ఫొటో తీసి, దాని మీదే పెన్నుతో దిద్దించాను. తప్పు పోతే చెరిపి మళ్లీ అదే అక్షరం. వాడంతట వాడే ఒక సాయంత్రం ముప్పై సార్లు దిద్దాడు. అమ్మాయి పీడీఎఫ్ మీదే లెక్క చేసి, తప్పిన చోట ఎర్ర రంగుతో గుండ్రం చుట్టుకునేది. బడిపిల్లలున్న ఇంటికి ఇంతకంటే పనికొచ్చే సంగతి ట్యాబులో ఇంకేదీ లేదని అప్పుడే అనుకున్నాను.

ఐప్యాడ్‌కి కూడా మంచి పెన్ను ఉంది, కాకపోతే విడిగా కొనాలి. ఏ16 చిప్ ఐప్యాడ్ 2025లో వచ్చినప్పుడు 34,900. టైప్-సి ఆపిల్ పెన్సిల్ ఇంకో 7,900. మొత్తం 42,800. పైగా ఆ పెన్సిల్‌కి ఒత్తి రాస్తే గీత లావయ్యే గుణం లేదు. లెక్కలకి అక్కర్లేదు కానీ బొమ్మలేసే పిల్లలు ఉంటే తెలుసుకుని కొనాలి.

కరెంటు సంగతికొద్దాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లా ఏమైందో అందరికీ గుర్తే. అంత పెద్దది రాకపోయినా వర్షాకాలం సాయంత్రాలు కరెంటు పోవడం మనకు మామూలే. ఇక్కడ బ్యాటరీ ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఎంత త్వరగా నిండుతుందన్నది కూడా చూడాలి. రెడ్‌మీలో 8000 ఎంఏహెచ్, బాగా వస్తుంది. కానీ 10 వాట్లతోనే ఎక్కుతుంది. పూర్తిగా ఖాళీ అయితే నాలుగు గంటలకు తక్కువ పట్టదు. కరెంటు మధ్యలో ఒక గంట వచ్చి పోతే ఆ గంటలో పావు వంతు ఎక్కుతుందంతే. ఎస్6 లైట్ 15 వాట్లు, ఐప్యాడ్ 20 వాట్లు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంటే ట్యాబు పూర్తిగా నిండుతుందనుకోకండి. దారిలో కొంత పోతుంది, ఇంత పెద్ద బ్యాటరీకి ముప్పావు వంతు ఎక్కితే గొప్ప.

భాష విషయంలో ఆండ్రాయిడ్ ట్యాబులు రెండూ, అంటే రెడ్‌మీ, శాంసంగ్, ఒకటే. జీబోర్డు అనే గూగుల్ కీబోర్డులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ పెట్టుకుని స్పేస్ బార్ దగ్గర మార్చుకుంటూ పోవచ్చు. తెలుగైతే వేలితో తెర మీద రాసినా టైపు అక్షరాలైపోతాయి. మా అత్తగారు గుణుపురంలో మనవలకు మెసేజీలు అలాగే రాస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఒడిశాలో కలిసినా ఇళ్లల్లో తెలుగు పోలేదు. పిల్లలు బళ్లో తెలుగు రాయకపోయినా, ట్యాబ్ మీదైనా నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే నాకు పండగే.

మా ఆయనకి ఎరువుల దుకాణం ఉంది. స్టాకు లెక్క, రైతుల బాకీలు ట్యాబ్‌లోనే రాస్తారు. ఇక్కడ ఒకటి చాలామందికి తెలీదు. మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ యాప్‌లలో ఉచితంగా మార్పులు చేసుకునే వీలు 10.1 అంగుళాల లోపు తెరలకే. అంతకంటే పెద్దదైతే చందా కట్టాలి, లేదంటే చూడటమే. ఈ మూడూ 10.1 దాటినవే. మేం గూగుల్ షీట్స్‌కి మారిపోయాం, దానికి సైజుతో పనిలేదు, నెట్ లేనప్పుడు కూడా రాసుకోవచ్చు. రోజూ గంటల కొద్దీ టైపు చేసే పని ఉన్నవాళ్లకి ట్యాబ్ వద్దు, లాప్‌టాప్ కొనుక్కోండి.

ఇంట్లో ఒక్క ట్యాబే అందరూ పంచుకుంటారనుకోండి, శాంసంగ్‌లో ఒక్కొక్కరికి వేరే యూజర్ పెట్టొచ్చు. ఆయన లెక్కలు పిల్లలకి కనపడవు, వాళ్ల ఆటలు ఆయనకి అడ్డం రావు. ఇంట్లో వాడే ఐప్యాడ్‌లో ఆ సదుపాయం లేదు. అది ఒక్క మనిషి వస్తువు. చిన్నపిల్లల అకౌంటుకి గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టి టైము కట్టడి చేయడం మర్చిపోవద్దు.

ఇప్పుడు ఆ ఎనిమిది వేల ట్యాబ్. ప్రకటనలో "8 జీబీ + 8 జీబీ ర్యామ్" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ రెండో ఎనిమిది అసలు ర్యామ్ కాదు, స్టోరేజీ నుంచి అప్పు తెచ్చుకున్నది. దీక్షా తెరిచి ఇంకో యాప్‌కి వెళ్లొస్తే పాఠం మళ్లీ మొదటి నుంచి. దసరాకి ఇంటిల్లిపాదీ కూర్చుని నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా పెడితే బొమ్మ మసక మసగ్గా ఉంది. నెట్ బాగానే ఉంది, తెర కూడా హెచ్‌డీ అనే రాశారు. తర్వాత తెలిసింది, సినిమాలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే తాళం ఒకటి ఉంటుందట. దానికి అందులో పై స్థాయి ఎల్1 లేదు, కింది స్థాయి ఎల్3 ఉంది. ఎల్3 అయితే ఇలాంటి యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు, తెర ఎంత మంచిదైనా. ఆరో నెలలో గ్లాసు పగిలింది. ఒక దుకాణం అతను మూడు వారాలు తిప్పి, చివరికి పార్టు దొరకదన్నాడు. పిల్లల ముఖాలు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ ఎనిమిది వేలకి ఇంకో ఐదు వేలు కలిపి ఉంటే మొదటి రోజే సరైనది వచ్చేది.

వినోదానికైతే రెడ్‌మీకి నేను పూర్తి మార్కులు వేస్తాను. నాలుగు స్పీకర్లు, ఎల్1 ఉంది, హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది, మెమరీ కార్డు పడుతుంది. రాత్రి పూట పిల్ల చదువుకుంటుంటే పాత వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని సినిమా చూడొచ్చు. ఎస్6 లైట్‌కి కూడా రంధ్రం, కార్డు ఉన్నాయి కానీ స్పీకర్లు రెండే. ఐప్యాడ్‌కి రంధ్రమూ లేదు, కార్డూ పట్టదు. ఎంత స్టోరేజీ కొంటే అంతే, పెంచుకోవడం కుదరదు.

సిమ్ ఉన్న మోడల్ కోసం అదనంగా నాలుగైదు వేలు పెట్టొద్దు. ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ఆ డబ్బు స్టోరేజీకో మంచి కవరుకో పెట్టండి. మోహన వైపు కొండల్లో ఉండేవాళ్లకి సిగ్నలే అంతంతమాత్రం, సిమ్ ఉన్నా లాభమేముంది? వైఫై ఉన్న చోట పాఠాలు దించుకోవడమే దారి.

ఐప్యాడ్ ఏళ్ల తరబడి ఉంటుందని అన్నయ్య అన్న మాటలో నిజం లేకపోలేదు. 2019లో వచ్చిన ఐప్యాడ్‌కి 2024లో కూడా కొత్త సిస్టమ్ వచ్చింది. వేగం తగ్గకుండా ఏళ్లు నడుస్తుంది. పై చదువుల్లో డిజైనో వీడియో ఎడిటింగో చేసే పిల్లలకి, ఒక్కరే వాడేట్టయితే, అది కొనండి. కానీ కింద పడితే రిపేరుకి మేమైతే విశాఖ పోవాలి, ఖర్చు కూడా భయపెడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు సంచిలో వేసుకుని ట్యూషన్‌కి తీసుకెళ్లే వస్తువుకి ఆ టెన్షన్ నాకొద్దు.

అందుకే ఆడపడుచుకి నేను చెప్పింది శాంసంగే, ఎస్ పెన్ ఉన్నది. కొత్త ట్యాబ్ ఎస్10 లైట్ 2025లో 30,999కి మొదలైంది, పెన్ను డబ్బాలోనే. పాత ఎస్6 లైట్ స్టాకు దొరికితే ఇంకా తక్కువకి వస్తుంది, కాకపోతే 2020, 2022, 2024 అని మూడు రకాలున్నాయి. పేరు ఒకటే, లోపలి చిప్ వేరు. 2024దైతేనే తీసుకోవాలి. పదిహేను వేలు దాటడం నిజంగా కుదరకపోతే, కేవలం చదవడానికీ చూడటానికీ రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ. 12,999కి మొదలైన మోడల్ అది, ఎక్కువ ర్యామ్ ఉన్నది తీసుకోండి. రాయడానికి నోటు పుస్తకమే అని ముందే అనుకోవాలి.

తను కాసేపు ఆలోచించి, రెండు నెలలు ఆగి ఇంకాస్త పోగేస్తానంది. ఈలోగా ఆదివారం ఇద్దరం కలిసి బరంపురంలో దుకాణానికి వెళ్తున్నాం. మేనల్లుడిని లెక్కల పుస్తకం వెంట తెచ్చుకోమన్నాను. అక్కడ డిస్‌ప్లేకి పెట్టిన ట్యాబ్ మీద, మణికట్టు ఆనించి, వాడి చేత్తో ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా చేయాలి. నేను పక్కన నిలబడి చూస్తాను.