గొంతులో పాపిలోమా: లేజరా, మైక్రోడీబ్రైడరా?

రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు నుంచి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇది: "డాక్టరు గారూ, లేజర్ చేయిస్తే మళ్లీ రాదంట కదా?"

వస్తుందండి. పాపిలోమా అంటే స్వరపేటికలో పులిపిర్లలా మొలిచే గడ్డలు. ఇవి హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) వల్ల, ముఖ్యంగా 6, 11 రకాల వల్ల వస్తాయి. గడ్డంతా తీసేసినా, పక్కన బాగానే కనిపించే పొరలోనూ వైరస్ ఉంటుంది. కొందరు పిల్లలకు ఏడాదిలోనే నాలుగైదు ఆపరేషన్లు అవసరమవుతాయి. అందుకే నేను ముందు చూసేది మచ్చ గురించి. స్వరతంత్రి మీద మచ్చ పడి గట్టిపడితే, తర్వాత గడ్డలు తగ్గిపోయినా గొంతు బొంగురుగానే ఉండిపోతుంది.

కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో రక్తం తక్కువ పోతుంది, పని కచ్చితంగా జరుగుతుంది. కానీ వేడి లోపలి పొరకు తగిలితే మచ్చ పడుతుంది. శ్వాసగొట్టంలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మంట అంటుకునే ప్రమాదమూ ఉంది, దానికి ప్రత్యేకమైన ట్యూబు వాడాలి. మైక్రోడీబ్రైడర్‌లో తిరిగే బ్లేడు గడ్డను కోస్తూ లోపలికి పీల్చేస్తుంది. వేడి ఉండదు. ఊపిరికి అడ్డుపడే పెద్ద గడ్డ త్వరగా తొలగుతుంది. కాస్త రక్తం వస్తుంది, అడ్రినలిన్‌లో తడిపిన దూది పెడితే ఆగుతుంది. బయాప్సీకి (ల్యాబ్ పరీక్షకు) ముక్క మాత్రం ముందే తీసుకోవాలి. పిల్లలకైతే నా ఓటు దీనికే.

ఏది వాడినా ఒక జాగ్రత్త తప్పదు. రెండు స్వరతంత్రులు ముందువైపు కలిసే చోట రెండు పక్కలా ఒకేసారి గీకితే, మానేటప్పుడు అవి అతుక్కుపోతాయి. "అక్కడ కొంచెం మిగిల్చాం" అని సర్జన్ చెబితే కోప్పడకండి, అది మీ పిల్లల గొంతు కోసమే.

పెద్దవాళ్లలో చిన్న గడ్డలకు కేటీపీ అనే మరో రకం లేజర్ మంచిదే, మత్తు లేకుండా గొంతు మొద్దుబారేలా చేసి కూడా చేయొచ్చు. వ్యాధి శ్వాసనాళంలోకి దిగితే బెవాసిజుమాబ్ (గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆ ఇంజెక్షన్లు ఆపేస్తే చాలామందికి గడ్డలు మళ్లీ పెరుగుతాయి. ఊపిరి కోసం మెడకు రంధ్రం పెట్టడం ప్రాణం మీదికి వస్తేనే. గార్డసిల్, మన దేశంలో తయారయ్యే సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకాలు 6, 11 రకాలు సోకకుండా కాపాడతాయి.

హైదరాబాద్ వెళ్లాలా, కాకినాడ చాలా అంటారు. పిల్లల శ్వాసనాళం కేసుల్లో చేయి తిరిగిన మత్తు డాక్టరు ఉంటే, మళ్లీమళ్లీ వెళ్లగలిగే దగ్గరి ఆసుపత్రే మేలు. ఈలోగా ఊపిరి పీల్చేటప్పుడు కీచుమన్నా, గొంతు కింద గుంట లోపలికి లాగినా ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్‌తో ఆగిపోకండి. ఆ రాత్రే బయల్దేరండి.