మలావీ పల్లె ఆరోగ్య కేంద్రంలో రెండేళ్ల వాలంటీరు పని: నా సమీక్ష

ఆఫ్రికా దేశమైన మలావీ దక్షిణాన ములాంజే కొండ కింద, తేయాకు తోటల పక్కన ఒక మిషన్ ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ 2022 మధ్య నుంచి రెండేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా వాలంటీరు పని చేశాను. మాది దివిసీమ. వెళ్లే ముందు అడుగుదామంటే ఆ పని చేసొచ్చిన తెలుగువాళ్లు ఒక్కరూ నాకు తగల్లేదు. ఇప్పుడు నన్ను అడిగేవాళ్లు పెరిగారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. అసలు మాట ముందే చెప్పేస్తాను. ఏడాదికి తక్కువైతే వెళ్లొద్దు. ఏడాది ఉండగలిగితే, చేతిలో ఒక పని గట్టిగా ఉంటే, తప్పకుండా వెళ్లండి.

ఎందుకంటే, మా కేంద్రంలో డాక్టరు లేరు. అక్కడి పల్లె కేంద్రాల్లో మామూలుగా ఉండరు కూడా. మెడికల్ అసిస్టెంట్ ఒక్కరే ఓపీ అంతా నడుపుతారు. కాన్పులు నర్స్-మిడ్‌వైఫ్ టెక్నీషియన్లవి. ఊళ్లు తిరిగి టీకాలు, పిల్లల బరువులు, మరుగుదొడ్లు చూసేది హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్లు. మన ఆశా కార్యకర్తల పనికి దగ్గర పనే గానీ వీళ్లకు ప్రభుత్వ జీతం ఉంటుంది, ఎక్కువమంది మగవాళ్లు. భాష రాని వాలంటీరు ఒకరు దిగితే, ఈ కొద్దిమందిలోనే ఒకరు తన పని ఆపి పక్కన నిలబడి చెప్పాలి. నాలుగు వారాల కోసం వచ్చి వెళ్లిన కుర్రాళ్లను చూశాను. మంచి పిల్లలే. వాళ్లకు అక్కడి భాష చిచేవాలో నాలుగు ముక్కలు వచ్చేసరికి విమానం టైమయ్యేది. వాళ్లున్నన్నాళ్లూ బయట లైను మాత్రం ఇంకాస్త పెరిగేది.

ఇక పని. వానలు నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా పడతాయి, మలేరియా వాటి వెంటే వస్తుంది. మన దగ్గర నేను వైవాక్స్ రకం మలేరియా ఎక్కువ చూసినదాన్ని. అక్కడ దాదాపు అంతా ఫాల్సిపారం రకమే. జ్వరమంటే వేలు గుచ్చి ర్యాపిడ్ కిట్టు, పాజిటివ్ అయితే ఎల్ఏ అనే మలేరియా మాత్రలు. మరి మైక్రోస్కోపు దేనికి అని మొదట్లో నాకూ అనిపించింది. ఒక తల్లి చితెంజె గుడ్డతో వీపుకి కట్టుకున్న బిడ్డను తెచ్చింది. రోగి చరిత్ర అంతా రోగి దగ్గరే ఉండే చిన్న పుస్తకం అక్కడ ఉంటుంది, హెల్త్ పాస్‌పోర్ట్ అంటారు. అందులో చూస్తే రెండు వారాల కిందటే ఎల్ఏ కోర్సు పూర్తయింది. కిట్టు మళ్లీ పాజిటివ్. ఆ కిట్టు పట్టేది పరాన్నజీవి వదిలే ప్రోటీన్‌ని, అది మందు పనిచేశాక కూడా రక్తంలో వారాలపాటు ఉంటుంది. అందుకే రక్తపు చుక్కను స్లైడు మీద మందంగా పూసి, ఫీల్డ్ స్టెయిన్ అనే రంగు వేసి, మైక్రోస్కోపులో ఓపిగ్గా చూశాను. పరాన్నజీవి రింగు ఒక్కటి కూడా లేదు. మెడికల్ అసిస్టెంట్ అది విని బిడ్డ చొక్కా ఎత్తి ఊపిరి లెక్కపెట్టారు. న్యుమోనియా. మందు మారింది. నేను అక్కడికి వెళ్లినందుకు అర్థం ఏమిటని ఎవరడిగినా ఆ స్లైడే చెబుతాను.

కరెంటు మీద ఆశ పెట్టుకోవద్దు. 2022 జనవరిలో అనా తుపాను కపిచీరా జలవిద్యుత్ కేంద్రాన్ని దెబ్బతీసింది. దేశం కరెంటులో పెద్ద వాటా పోయింది. నేను వెళ్లేసరికి కోతలు గంటల తరబడి ఉండేవి. కిటికీ దగ్గర అద్దమున్న పాత మైక్రోస్కోపు పెట్టుకుని ఎండతో చూసేదాన్ని. జూన్, జూలైల్లో చిపెరోని అనే మంచు జల్లు కొండను కమ్మేస్తుంది, ఆ రోజుల్లో ఎండా ఉండదు. మధ్యాహ్నం దాకా స్లైడ్లు ఆపి, వెలుతురు వచ్చాక ఒకేసారి చూడటం అక్కడి ల్యాబ్ అసిస్టెంటే నేర్పాడు.

తిండి సంగతి అందరూ అడుగుతారు. న్సిమా అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసే సంకటి లాంటిదే. చేత్తోనే తింటారు, తినేముందు చెంబుతో నీళ్లు పోసి పెద్దవాళ్ల చేతులు కడిగిస్తారు. మనకు అందులో కొత్తేమీ లేదు. గుమ్మడాకు వేరుశనగ పొడితో వండితే నాకు ప్రాణం. ఎండబెట్టిన ఉసిపా చేపలు తినేవాళ్లకు లోటే ఉండదు. అన్నిటికన్నా ఆశ్చర్యం నందోలో. అవి మన కందులే! దక్షిణ మలావీలో చేను చేనుకీ ఉంటాయి, ఇండియాకి కూడా పంపుతారు. పటాన్‌చెరువులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఆ దేశపు కంది రకాల మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. అక్కడివాళ్లు గింజను గింజలాగే ఉడికించి తింటారు. నేను పప్పు చేసి తాలింపు పెడితే నర్సులు గిన్నె తుడిచి తినేవాళ్లు. చింతపండూ దొరుకుతుంది. ఇంగువ మాత్రం ఇక్కడి నుంచి పట్టుకెళ్లండి.

ఊళ్లో కలిసిపోవడానికి ఒకటే దారి, చావుకి వెళ్లడం. ఊళ్లో ఎవరైనా పోతే అన్ని పనులూ ఆగుతాయి. ఆడవాళ్లు చితెంజె చుట్టుకుని నేలమీద కూర్చుంటారు, మాట్లాడక్కర్లేదు. నేను మొదటిసారి వెళ్లి కూర్చున్న మర్నాటి నుంచి బజారులో పలకరింపు మారిపోయింది. అప్పటిదాకా వాళ్లకు నేను అక్కడ దుకాణాలు నడిపే భారతీయుల్లో ఒకదాన్ని.

2023 మార్చిలో ఫ్రెడీ తుపాను వచ్చింది. హిందూ మహాసముద్రాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు దాటి, నెలకు పైగా బతికిన తుపాను. ములాంజే చుట్టుపక్కల కొండచరియలు ఇళ్లమీద పడ్డాయి. దేశంలో ఆరు వందల మందికి పైగా పోయారు. 1977 ఉప్పెన కథలు వింటూ పెరిగినదాన్ని, నీళ్లు తీశాక ఏం మిగులుతుందో విన్నాను గానీ చూడటం అదే మొదలు. కలరా అంతకు ఏడాది ముందు నుంచే దేశమంతా ఉంది. ల్యాబ్ మూసేసి ఓఆర్ఎస్ కలపడం, క్లోరిన్ నీళ్ల బకెట్లు మోయడం నా పనైంది. ఆ రోజుల్లో తమ ఇళ్లు కూలినా హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్లు బురదలో నడిచి ఊళ్లకు వెళ్లారు. వాళ్లంటే నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది.

డబ్బు విషయం నన్ను ఇప్పటికీ వదలదు. 2023 నవంబరులో మలావీ డబ్బు క్వాచా విలువ ఒక్కరోజులో డాలరుకు దాదాపు 1,180 నుంచి 1,700కి పడిపోయింది. నాకొచ్చే చిన్న భత్యం డాలర్లలో లెక్క, అంటే నాకు పెరిగింది. నా పక్కన పదేళ్లుగా పనిచేస్తున్న నర్సు జీతంతో అదే నెల ముందుకన్నా తక్కువ మొక్కజొన్న వచ్చింది. జనవరి నుంచి కోత దాకా మామూలుగానే ఆకలి రోజులు. పెరిగిన నా భత్యాన్ని ల్యాబ్ సామాన్లకు వాడాం, కానీ ఆ తేడా న్యాయమైనదని నేనెప్పటికీ అనను. వాలంటీర్లను పంపేవాళ్లు స్థానిక ఉద్యోగుల జీతాల గురించి ఏం చేస్తున్నారో అడిగి మరీ వెళ్లండి.

నేను మొదట సంప్రదించిన ఒక ఏజెన్సీ బోలెడు ఫీజు అడిగి, అందులో కేంద్రానికి ఎంత చేరుతుందంటే జవాబివ్వలేదు. అలాంటివాళ్లను వదిలేయండి. నేరుగా కేంద్రానికి రాసి, వాళ్లకు ఏ పని తెలిసినవాళ్లు కావాలో కనుక్కోండి. ఆ దేశపు వృత్తి మండలి రిజిస్ట్రేషన్, వర్క్ పర్మిట్ వచ్చేదాకా టికెట్ కొనొద్దు. మలేరియా రాకుండా వేసుకునే మందు డాక్టరుతో మాట్లాడి ఇక్కడే మొదలుపెట్టండి. నేను డాక్సీసైక్లిన్ వాడాను, దాంతో ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది, పొడుగు చేతుల జాకెట్లు తీసుకెళ్లండి. మలావీ సరస్సులో ఈత కొట్టాలని ఉంటే నీళ్లలోంచి ఒంట్లోకి చేరే పురుగు వల్ల వచ్చే బిల్హార్జియా జబ్బుకు తర్వాత పరీక్ష చేయించుకోవాలి. మందుల పెట్టెలు మోసుకెళ్లొద్దు, సగం అక్కడ వాడే రకాలు కావు, గడువు తీరితే తగలబెట్టే బాధ వాళ్లది. ల్యాబ్ వాళ్లయితే ముందు కేంద్రానికి ఫోన్ చేసి మైక్రోస్కోపు మోడల్ అడగండి. దానికి సరిపోయే బల్బులు, ఇమ్మర్షన్ ఆయిల్, లెన్సు తుడిచే కాగితం తీసుకెళ్లండి.