వేటకొడవలి సినిమానా, ఆటో డ్రైవర్ సినిమానా: మా సీమకు ఏది మేలు?

కొండారెడ్డి బురుజు దగ్గర ఫొటో దిగడానికి బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఒక్కడులో మహేష్ బాబు ప్రకాశ్ రాజ్‌ను కొట్టింది ఎక్కడ?" కర్నూల్లో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి చాలామందికి వేలు పెట్టి చూపించాను. విజయనగర రాజులు కట్టిన బురుజు ఇదని గానీ, 1953 నుంచి 1956 దాకా ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అని గానీ ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. సినిమాకు అంత బలం ఉంది. అంత బలమున్నప్పుడు అది మా ఊళ్లను ఎట్లా చూపించిందో అడిగే హక్కు మాకూ ఉంది.

ఈమధ్య మూడు రకాల సినిమాలను పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చూశాను. ఒకటి, 1997 నుంచి 2003 దాకా వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు: ప్రేమించుకుందాం రా, సమరసింహారెడ్డి, నరసింహ నాయుడు, ఆది, ఇంద్ర, ఒక్కడు. రెండోది, 2018లో త్రివిక్రమ్ తీసిన అరవింద సమేత. మూడోది, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సినిమా బండి.

ముందు మొదటి రకం. వీటిని తీసిపారేయడం నావల్ల కాదు. టిక్కెట్టు కోసం తెల్లారుజామునే లైన్లో నిలబడిన రోజులు, హీరో తెరమీదికి రాగానే గాల్లోకి లేచిన కాగితాలు, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజం మీద చెయ్యేసి ఈల వేయడం, ఇవన్నీ నా బతుకులో భాగం. సినిమాగా చూస్తే ఒక్కడు ఇప్పటికీ పట్టు సడలలేదు. ఎక్కడ మొదలుపెట్టి చూసినా చివరిదాకా కూర్చోబెడుతుంది.

కానీ ఒక విషయం నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ సినిమాల్లో అచ్చమైన సీమ మాట ఎవరి నోట పలికింది? జయప్రకాశ్ రెడ్డి నోట. ఆయన మా పాత కర్నూలు జిల్లా మనిషే, ఆళ్లగడ్డ దగ్గర శిరివెళ్ల. ఆ గొంతు, ఆ విరుపు, మాట చివర ఆ లాగుడు ఎవరూ నేర్పిస్తే వచ్చినవి కావు. ఆయన 2020లో పోయినప్పుడు సొంత మనిషి పోయినట్టే బాధపడ్డాం. అంత గొప్ప నటుడు ప్రేమించుకుందాం రాలో, సమరసింహారెడ్డిలో వేసింది విలన్ వేషం. సమరసింహారెడ్డిలో హీరోదీ అదే సీమ. అయినా హీరో మాట్లాడేది మాత్రం ఎక్కువగా పేపర్లో రాసే తెలుగు. అంటే మా అమ్మ మాట్లాడే భాష తెరమీద వినబడగానే, వీడు చెడ్డవాడని జనానికి అర్థమైపోవాలి. ఇరవై ఏళ్లు మాకు జరిగింది ఇదే.

దీని దెబ్బ మామూలుగా తగల్లేదు. కంప్యూటర్ కోర్సు కోసం హైదరాబాద్ పోయినప్పుడు ఒక ఇంట్లో గది అద్దెకు అడిగాను. అడ్వాన్స్ ఎంతో మాట్లాడుకున్నాం, తాళంచెవి ఇంటాయన చేతిలోనే ఉంది. "ఏ ఊరు బాబూ?" అన్నాడు. కర్నూలు అన్నాను. తాళంచెవి మళ్లీ జేబులోకి పోయింది. "వేరేవాళ్లు కూడా అడిగారు, రేపు చెప్తా" అన్నాడు. కర్నూలు గురించి ఆయనకు తెలిసిందంతా తెరమీద లేచిన సుమోలే.

అరవింద సమేత దగ్గరికి వస్తే, అది కూడా ఫ్యాక్షన్ కథే. అందులోనూ నెత్తురుంది, కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. అయితే మామూలు ఫ్యాక్షన్ సినిమా ముగిసే చోట ఇది మొదలవుతుంది. తండ్రి చావు, ఆ వెంటనే కొడుకు చేసే నరుకుడు, అంతా మొదట్లోనే అయిపోతుంది. తర్వాత ఇంట్లో మిగిలిన ఆడవాళ్ల మొహాలు చూడాలి కదా, ఆ మొహాల మీదే కథ నడుస్తుంది. ఆ ఇంటి పెద్దావిడను జేజి అని పిలవడం విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో నాయనమ్మను పిలిచే పిలుపు అది. ముఖ్యమైన ఘట్టాల్లో ఎన్టీఆర్ కూడా సీమ యాసలోకి దిగుతాడు, పాటలో జానపద గాయకుడు పెంచల్ దాస్ గొంతు వినబడుతుంది. అంత పెద్ద హీరో మా మాట మాట్లాడుతుంటే కర్నూలు థియేటర్లో వచ్చిన చప్పట్లు ఫైట్‌కు వచ్చిన చప్పట్ల లాంటివి కావు. నా ముందు వరసలో ఒక పెద్దాయన చప్పట్లు కొట్టలేదు, పక్కనున్న మనవడి వైపు తిరిగి "ఇన్యావా?" అన్నాడు.

లోపం లేదని కాదు. కడప మాట వేరు, కర్నూలు మాట వేరు, అనంతపురం మాట వేరు. 'వస్తున్నా' అనడానికి కడప దిక్కు 'వచ్చాండా' అంటే, అనంతపురం దిక్కు 'వస్తాండా' అంటారు. హిందూపురం, మడకశిర దాటితే కన్నడం కూడా కలుస్తుంది. సినిమావాళ్లకు అదంతా కలిపి ఒకటే 'సీమ యాస'. ఈ సినిమా కూడా ఆ గీతలు పట్టించుకోలేదు.

రివ్యూల్లో కూడా ఇది కనబడదు. ఫస్ట్ హాఫ్ లాగ్, సెకండాఫ్ గ్రిప్పింగ్, రెండు ముప్పావు స్టార్లు అని రాస్తారు. యాస కుదిరిందా లేదా అనే ముక్క వెతికినా దొరకదు. నాకు కావలసిన రివ్యూ అదే.

ఇంక సినిమా బండి. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులో గొల్లపల్లి అనే పల్లె. ఆటో నడుపుకునే వీరబాబుకు తన ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరుకుతుంది. ఊళ్లోవాళ్లనే పెట్టి సినిమా తీద్దామనుకుంటాడు. కథ అంతే. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు, దాదాపు అందరూ కొత్త మొహాలే. ఒక్క కొడవలి లేదు, ఒక్క సుమో లేవదు. కూరగాయలమ్మే మంగ హీరోయిన్ అవుతుంది, ఎవరికీ భయపడదు. ఆ కోపం, ఆ చనువు, ఎదుటి మనిషిని మాటతోనే నిలబెట్టే ఆ తీరు నేను రోజూ మార్కెట్లో చూసేవే. ఇందులో యాస మంచివాడిది కాదు, చెడ్డవాడిది కాదు, ఊరిది. అందరూ అదే మాట్లాడతారు కాబట్టి కాసేపటికి అది యాస అనే సంగతే మర్చిపోతాం.

పాతకాలం గుర్తుకొచ్చి ఒక మాట. మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డిది పులివెందుల దగ్గరి పల్లె. తెలుగు సినిమాకు పునాది వేసినవాళ్లలో ఇద్దరు మావాళ్లే. అట్లాంటి చోటు తెరమీద కొడవళ్లకే మిగిలిపోవడం నాకు మింగుడుపడదు.

కాబట్టి ఏది మేలంటే, పండగపూట స్నేహితులతో థియేటర్‌కు పోయేదుంటే ఒక్కడు సినిమానే. సీమ గురించి ఏమీ తెలియనివాడు నన్ను అడిగితే మాత్రం సినిమా బండే చూడమంటాను, అరవింద సమేత ఆ తర్వాత. అరవింద సమేత చేసింది చిన్న పనేం కాదు. కానీ అందులో మేము చావు ఆపుకోవడానికి కష్టపడే మనుషులం, సినిమా బండిలో బతకడానికి, ఇష్టమైన పని చేయడానికి కష్టపడే మనుషులం. నాకు తెలిసిన సీమ రెండోదే.

సినిమా బండిని మా అమ్మ నా ఫోన్లో చూసింది. శెనక్కాయలు ఒలుస్తూ మొదలుపెట్టి, సగంలో చాట పక్కన పెట్టేసింది. "ఈ పిల్లోడు మన మాదిరే మాట్లాడతాండాడు గదా" అంది. అయిపోయాక ఫోన్ నా చేతికిచ్చి, "ఇది ఏ టాకీస్‌లో ఆడతాంది? మీ చిన్నమ్మను తీసుకొని పోదాం" అంది. ఏ టాకీస్‌లోనూ ఆడట్లేదని చెప్పాల్సి వచ్చింది.