ఒండ్రు నీటిలో ఏడేళ్లు: నా డయాఫ్రమ్ రెగ్యులేటరు

అంతర్వేది దగ్గర, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, బోట్ల పంకాలకు చుట్టుకున్న వలలను, తాళ్లను నీటిలోకి దిగి కోసి తీయడం నా పని. గాలి సిలిండరు నుంచి నోటికి ఊపిరి అందించే రెగ్యులేటరు ఏడేళ్లుగా నాకు ఒక్కటే. ఇది సీలున్న బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్ రకం, అంటే గాలిని వంగే పొర ఒకటి అదుపుచేస్తుంది, సిలిండరులో గాలి తగ్గినా ఊపిరి ఒకేలా అందుతుంది, బయటి నీరు లోపలి స్ప్రింగును తాకదు. తేట నీటిలో వాడినవారి అభిప్రాయాలు మాకు సగమే పనికివస్తాయి, ఎందుకంటే ఇక్కడ ఆటుకు ఒండ్రు, పోటుకు ఉప్పు ఒకే రోజున ఒకే పరికరాన్ని తాకుతాయి.

సిలిండరులో 200 బార్ల దాకా ఉండే పీడనాన్ని, సిలిండరుకు బిగించే ఫస్ట్ స్టేజ్ భాగం, చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9, 10 బార్లు మాత్రమే ఎక్కువగా ఉండేలా తగ్గించి గొట్టంలోకి పంపుతుంది. నోటి దగ్గరి సెకండ్ స్టేజ్ దాన్ని మనం పీల్చగలిగేంతకు దించుతుంది. అంతకుముందు నేను వాడిన మామూలు పిస్టన్ రకంలో స్ప్రింగు ఉండే గదిలోకి బయటి నీరు నేరుగా వచ్చేది. ఒక వరద కాలం తర్వాత దాన్ని విప్పించి చూస్తే, స్ప్రింగు చుట్టల మధ్య ఒండ్రు పేరుకుని, ఎండి, గోటితో గీయగానే పెచ్చులుగా రాలింది. ఇప్పటి రెగ్యులేటరులో ఆ గది మూసి ఉంటుంది కనుక ఏడేళ్లలో లోపల మన్ను కనిపించలేదు. కొనేవారు డయాఫ్రమ్ అన్న మాట చూసి ఆగిపోకుండా, బయటి సీలు కూడా ఉందో లేదో తప్పక అడగాలి.

అయితే సెకండ్ స్టేజ్‌కు ఆ రక్షణ లేదు. మూడో ఏట, గోదావరి ఎర్రబారిన ఆగస్టులో, నాలుగు మీటర్ల లోతున పంకా దగ్గర ఉండగా గాలితోపాటు నోట్లోకి నీళ్లు వచ్చాయి. ఊపిరి బయటకు వదిలే పలుచని రబ్బరు రేకు కింద నైలాను వల పోగు ఒకటి ఇరుక్కుని, రేకును మూసుకోనివ్వలేదు. గాలిని ఒక్కసారిగా వదిలే పర్జ్ మీట నొక్కి, నీళ్లు పోగొట్టి, ఊపిరి బిగబట్టకుండా నెమ్మదిగా పైకి వచ్చాను. లోతు తక్కువే కదా అని ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున పైకి లేస్తే, అంత లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు దెబ్బతినగలవు. ఆ రోజు నుంచి ప్రతి మునకకు ముందు, సిలిండరు వాల్వు తెరవకుండానే నోటితో పీల్చి చూస్తాను. గాలి రాకూడదు, వచ్చిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే.

నన్ను అసలు భయపెట్టిన లోపం అయిదో ఏట వచ్చింది. పడవలో సిలిండరు తెరిచి పెట్టి మాట్లాడుకుంటుండగా, “బాబూ, ఆ బుస్సుమన్న చప్పుడు ఆగట్లేదేంటి?” అని సరంగు అడిగాడు. సెకండ్ స్టేజ్ బిగింపు మరను కాస్త తిప్పితే చప్పుడు ఆగింది, కానీ అది రోగాన్ని కప్పిపెట్టడమే. ఒడ్డుకు వచ్చి పీడనం చూసే మీటరు తగిలిస్తే, 9.5 దగ్గర నిలవవలసిన ముల్లు మెల్లమెల్లగా 12 దాటింది. ఫస్ట్ స్టేజ్‌లో గాలి దారిని మూసే బిరడా లాంటి సీటు అరిగి, గాలిని పూర్తిగా ఆపలేకపోతోంది. అంతకు నాలుగు నెలల ముందే సర్వీసు చేయించాను. వేరే చోట విప్పించగా పాత సీటే కనిపించింది. దాని మీద గుండ్రంగా పడిన గాడి భూతద్దం లేకుండానే తెలుస్తోంది. డబ్బు పోయినందుకు కాదు, ఊపిరి ఆధారపడిన చోట ఇలా చేసినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అప్పటి నుంచి మార్చిన పాత భాగాలను నా చేతికి ఇచ్చేవారి దగ్గరే చేయిస్తున్నాను.

కడగడం విషయానికి వస్తే, మా వైపు చాలాచోట్ల బోరు నీరు కూడా ఉప్పగానే ఉంటుంది. కాలువ నీటిని ఒక రాత్రి తేరనిచ్చి, పైతేట మాత్రమే తీసుకుని నానబెడతాను. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తాగునీటి క్యాను కొంటాను. ఫస్ట్ స్టేజ్ మూత బిగించకుండా నీటిలో ముంచకూడదు, గొట్టంలో గాలి లేనప్పుడు నీటి కింద పర్జ్ మీట నొక్కకూడదు. ఒకసారి మూత సరిగా పట్టక లోపలికి తడి చేరింది. గాలి వచ్చే చోట ఉండే చిన్న లోహపు ఫిల్టరు పచ్చబడితేగాని నాకు ఆ సంగతి తెలియలేదు.

పంకాకు మరీ దగ్గరగా తల పెట్టి పనిచేసేటప్పుడు దీని బరువు మెడ వెనక ఇబ్బంది పెడుతుంది. సర్వీసులో మార్చే భాగాల కిట్టు కోసం వారాలు ఎదురుచూడాలి. అయినా మళ్లీ కొనవలసి వస్తే ఈ రకమే కొంటాను, దాంతోపాటే రెండు కిట్లు తెప్పించుకుంటాను. మొన్న గొట్టాన్ని ఫస్ట్ స్టేజ్ దగ్గర వంచి చూస్తే, రబ్బరు మీద వెంట్రుకంత పగుళ్లు కనిపించాయి. కొత్త గొట్టం వచ్చేదాకా దీన్ని నీటిలోకి దించడం లేదు.