కొత్త టైర్లకు పాలిష్ కొట్టి ఇచ్చే షాపులతో జాగ్రత్త

బైక్‌కి కొత్త టైర్లు వేయించుకోబోతున్న వాళ్ళందరికీ ఒక హెచ్చరిక. టైర్ బిగించడం అయ్యాక షాపులో ఎవరైనా స్పాంజి, నల్ల పాలిష్ డబ్బా పట్టుకొని చక్రం దగ్గరికి వస్తే వెంటనే ఆపండి. "ఫ్రీగానే చేస్తున్నాం" అన్నా వద్దనండి. రోడ్డుకు ఆనే ట్రెడ్ మీద ఆ పాలిష్ ఒక్క చుక్క కూడా పడకూడదు.

నా బైక్‌కి ముందు, వెనక టైర్లు రెండూ మార్పించాను. లోపల బిల్లు కట్టి వచ్చేలోపు టైర్లకు పాలిష్ కొట్టేశారు. ఆ మాట నాతో అనలేదు. కొత్త రబ్బరు ఎలాగూ మెరుస్తుంది కాబట్టి చూపుకు తేడా తెలియదు. మొదట్లో నెమ్మదిగా నడపమని కూడా ఎవరూ చెప్పలేదు. రోడ్డు పొడిగా ఉంది, వేగం తక్కువ. మొదటి మలుపులో బండి కాస్త వంగగానే వెనక చక్రం ఒక్కసారిగా పక్కకు జారిపోయింది. అప్పుడు బ్రేక్ నొక్కలేదు, యాక్సిలరేటర్ పెంచలేదు. మోకాలు, మోచేయి చెక్కుకుపోయాయి. వెనక ఏ బండీ రావడం లేదు కాబట్టి అంతటితో పోయింది. లేచి టైర్ అంచు మీద వేలితో రాసి చూస్తే నూనె పూసినట్టు జారుడుగా తగిలింది.

షాపుకి వెళ్ళి అడిగితే, "కొత్త టైర్ మొదట్లో జారుతుందండీ, అది మామూలే" అన్నారు. నాకు బాగా కోపం తెప్పించింది ఈ మాటే. మామూలే అని తెలిసినవాళ్ళు బండి చేతికిచ్చేటప్పుడు ఎందుకు చెప్పరు? అసలే జారే రబ్బరు మీద ఇంకా జారే పదార్థం ఎందుకు పూస్తారు? ఆ పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. కారు టైర్ పక్కభాగానికి పూస్తే పెద్దగా నష్టం ఉండకపోవచ్చు, ఎందుకంటే కారు మలుపులో వంగదు. బైక్ వంగుతుంది. వంగినప్పుడు దాని బరువంతా ట్రెడ్ అంచు మీదే పడుతుంది. ఆ అంచుకీ సైడ్‌వాల్‌కీ, అంటే టైర్ పక్కభాగానికీ, మధ్య దూరం చాలా తక్కువ. సైడ్‌వాల్‌కి మాత్రమే పూశామని చెప్పినా నమ్మకండి. చక్రం తిరిగేకొద్దీ అది అంచు మీదికి పాకుతుంది.

పాలిష్ లేకపోయినా కొత్త టైర్‌కి మొదట్లో పూర్తి గ్రిప్ ఉండదన్నది నిజమే. టైర్‌ను అచ్చులో వేడి చేసి తయారు చేస్తారు. అచ్చుకు అంటుకోకుండా వాడే పదార్థం తాలూకు పల్చటి పొర కొన్నిటి మీద మిగిలిపోవచ్చు. అది లేనివాటికి కూడా పైపొర నున్నగానే ఉంటుంది. ఆ నునుపు పోయి రబ్బరు గరుకు తేలితేనే అది రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. టైర్ లోపలి పొరలు కూడా కొన్నిసార్లు వేడెక్కి చల్లారాకే సర్దుకుంటాయి. అందుకే మొదటి 100 మైళ్ళు, అంటే సుమారు 160 కిలోమీటర్లు, నెమ్మదిగా నడపమని పెద్ద టైర్ కంపెనీలు చెబుతాయి.

అయితే ఆ 160 కిలోమీటర్లూ తిన్నగా ఉన్న హైవే మీద పోయి, ఇక టైర్ సిద్ధమైందనుకుంటే ప్రమాదం. తిన్నగా పోతే మధ్య పట్టీ మాత్రమే అరుగుతుంది. అంచులు షాపులో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. ఆ తర్వాత మలుపులో ధైర్యంగా వంచితే సరిగ్గా ఆ అరగని చోటే రోడ్డుకు తగులుతుంది. కాబట్టి పొడి రోడ్డు మీద, ట్రాఫిక్ లేని చోట, మొదట కొంచెమే వంచుతూ, నమ్మకం కుదిరేకొద్దీ ఇంకాస్త వంచుతూ రెండు వైపులా అరగనివ్వాలి. టైర్‌ను పరిశీలిస్తే ఎంతవరకు గరుకు తేలిందో గీత గీసినట్టు కనిపిస్తుంది. మీ బండి ఎంతవరకు వంగిందో ఆ గీతే చెబుతుంది. ఈలోపు గట్టి బ్రేకులు, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పడం, వెనక మనిషిని ఎక్కించుకోవడం మానండి. తడి రోడ్డు, రోడ్డు మీది తెల్ల రంగు పట్టీలు, మ్యాన్‌హోల్ మూతలు మామూలు టైర్‌కే జారుడు. కొత్త టైర్‌తో వాటిమీద బండిని అసలు వంచకండి.

ఏబీఎస్ ఉంది కదా అనే ధీమా కూడా వద్దు. అది బ్రేక్ పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, రబ్బరుకు లేని పట్టును తెచ్చి పెట్టలేదు. ఇంకో సంగతి, పాత టైర్ మధ్యలో చదునుగా అరిగిపోయి ఉంటుంది కాబట్టి దానితో బండిని వంచడానికి బలం పెట్టాల్సి వచ్చేది. గుండ్రటి కొత్త టైర్‌తో అదే బండి చటుక్కున వంగుతుంది. చేతులు పాత అలవాటులోనే ఉంటాయి కాబట్టి అనుకున్నదానికంటే ఎక్కువ వంగిపోవచ్చు.

ఇక షాపులోనే చూసుకోవాల్సినవి. సైడ్‌వాల్ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర, తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఏళ్ళ తరబడి గోడౌన్‌లో పడి ఉన్న టైర్‌ను కొత్తదని అంటగడుతున్నారేమో దీనితో తెలిసిపోతుంది. బిగించక ముందే చూడండి, బిగించాక వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోరు. తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే చక్రం ఆ వైపే తిరగాలి. రిమ్ పక్కనే టైర్ చుట్టూ ఒక సన్నటి గీత ఉంటుంది. అది రిమ్‌కి అంతటా ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి పోయి కనిపిస్తే టైర్ సరిగ్గా కూర్చోలేదన్నమాట.

గాలి విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మకండి. టైర్‌ను రిమ్‌లో కూర్చోబెట్టడానికి మామూలు కన్నా ఎక్కువ గాలి కొడతారు. తర్వాత దాన్ని తగ్గించాలి. తగ్గించకుండా పంపేస్తే రోడ్డుకు ఆనే రబ్బరు తగ్గి, జారుడు ఇంకా పెరుగుతుంది. సైడ్‌వాల్ మీద ఉండే అంకె గరిష్ఠ పరిమితి, మీరు కొట్టించుకోవాల్సింది కాదు. బండి తయారుచేసిన కంపెనీ చెప్పిన అంకె చెయిన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్ మీదో స్టిక్కర్‌లో, లేదంటే యజమాని పుస్తకంలో ఉంటుంది. మర్నాడు పొద్దున టైర్ చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి కొలవండి. గ్రిప్ త్వరగా వస్తుందని గాలి తగ్గించి నడపమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, వినకండి.

డిస్క్ బ్రేక్ ఉన్న బండి అయితే, చక్రం విప్పి బిగించేటప్పుడు బ్రేక్ ప్యాడ్లు వెనక్కి జరిగి ఉండవచ్చు. బండి కదిలించే ముందు బ్రేక్ లివర్, పెడల్ రెండూ గట్టిపడే దాకా నొక్కి నొక్కి చూడండి. మెకానిక్ ఈ పని చేసే ఇవ్వాలి, కానీ చేశాడో లేదో మొదటి సిగ్నల్ దగ్గర తెలుసుకోవడం ప్రాణాల మీదికి వస్తుంది.

మీ టైర్లకు ఇప్పటికే పాలిష్ కొట్టి ఉంటే, ట్రెడ్ అంచుల మీద పొడి గుడ్డతో రుద్ది, వేలితో రాసి చూడండి. గుడ్డకు కాస్త నలుపు అంటడం పెద్ద గుర్తు కాదు, ఏ కొత్త రబ్బరైనా అంటుతుంది. వేళ్ళ మధ్య జిడ్డు తగిలితేనే అనుమానించాలి. అప్పుడు బండిని అక్కడే ఆపి, షాపువాళ్ళతోనే సబ్బునీళ్ళు, బ్రష్‌తో జిడ్డు పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడిగించండి. బ్రేక్ డిస్క్ మీద కూడా పాలిష్ చింది ఉందేమో చూడమనండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ లాంటివి పెట్టి తుడవనివ్వకండి, అవి రబ్బరును పాడుచేస్తాయి. కడిగాక పూర్తిగా ఆరనిచ్చి, బిల్లు మీద టైర్ల తయారీ కోడ్‌లు రాయించుకొని, అప్పుడు బయల్దేరండి.